క్రెడిట్ కార్డుతో వచ్చే ప్రయాణ బీమా

విదేశంలో ఉద్యోగం చేస్తున్న కుమారుడు తల్లిదండ్రులను తన వద్దకు పిలిపించుకోదలచి, క్రెడిట్ కార్డుపై విమానం టిక్కెట్లు కొంటాడు. కార్డుతోపాటు ప్రయాణ బీమా ఉచితమని బ్యాంకు పత్రంలో పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఇక వేరే బీమా ఎందుకని ఊరుకుంటాడు. ఈ భరోసా ఎంతవరకు నిలుస్తుంది? దీనిని స్వీకరించడం ధర్మసమ్మతమేనా? ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు. మొదట లౌకికమైన దానిని పరిశీలిద్దాం.

మన దేశంలోని కార్డులతో సాధారణంగా లభించేది విమాన ప్రమాద బీమా. అంటే, ప్రమాదంలో కార్డుదారుడు మరణిస్తే వారసులకు ముట్టే సొమ్ము. ప్రకటనలో మెరిసే పెద్ద అంకె తరచు ఇదే. కాని ప్రయాణికుడికి ఎక్కువగా ఎదురయ్యే ఆపద వేరు. అరవై ఐదేళ్ళ మనిషికి అమెరికాలో గుండెనొప్పి వస్తే, అక్కడి ఆసుపత్రి ఖర్చు ఒక మధ్యతరగతి కుటుంబపు జీవితకాలపు పొదుపును మింగివేయగలదు. ఆ ఖర్చును భరించే బీమా చాలా కార్డులలో ఉండనే ఉండదు. ఉన్నచోట కూడా పాత జబ్బులకు వర్తించదని, ఫలానా వయస్సు దాటరాదని, టిక్కెట్టు ఆ కార్డుపైనే కొని ఉండాలని షరతులుంటాయి. అన్నింటికంటే ముఖ్యమైన విషయం, ఈ రక్షణ సాధారణంగా కార్డుదారుడికే పరిమితం. కుమారుడి కార్డుపై టిక్కెట్టు కొన్నంత మాత్రాన తండ్రికి బీమా లభించినట్లు కాదు. చిన్న అక్షరాలు చదివే ఓపిక మనలో ఎందరికి ఉంది!

సామాను సంగతి అంత భయపడవలసినది కాదు. 1999 నాటి మాంట్రియల్ ఒడంబడికలో భారతదేశం 2009లో చేరింది. దాని ప్రకారం అంతర్జాతీయ ప్రయాణంలో సామాను పోతే ఒక పరిమితి వరకు విమాన సంస్థే బాధ్యురాలు. సామాను దెబ్బతింటే అందుకున్న ఏడు రోజులలోగా వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి.

ఇక షరీఅత్ దృష్టి. జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ 1985లో, వాణిజ్య బీమా ఒప్పందంలో ఘోరమైన గరర్, అనగా అనిశ్చితి ఉన్నందున అది నిషిద్ధమని తీర్మానించి, సహకార బీమాను ప్రత్యామ్నాయంగా చూపింది. 2000లో వడ్డీ షరతున్న క్రెడిట్ కార్డులను, గడువులోగా చెల్లించే ఉద్దేశం ఉన్నా, కాదన్నది. “నేను ప్రీమియం కట్టలేదు, ఇది బ్యాంకు ఇచ్చిన కానుక గదా!” అనేవారున్నారు. ఆ వాదం తేలికైనది కాదు. అయితే అకాడమీ 2004లో మస్కట్ సమావేశంలో, ఖాతాలో సొమ్ము ఉన్న కార్డుల విషయంలోనే, వాణిజ్య బీమాను కార్డుదారుడికి సౌకర్యంగా ఇవ్వడం తగదన్నది. చట్టం నిర్బంధించినప్పుడు మాత్రం అనేకమంది పండితులు సడలింపు ఇచ్చారు. షెంగెన్ దేశాల వీసా ఇందుకు ఉదాహరణ. దానికి కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి.

మలేషియాలో తకాఫుల్ చట్టం 1984లోనే వచ్చింది. అక్కడా, గల్ఫ్‌లోనూ ప్రయాణ తకాఫుల్ దొరుకుతుంది. మన దేశంలో అటువంటి సంస్థ లేదు. కనుక కుమారుడు ఆ దేశాలలో ఉంటే, రాబోయే తల్లిదండ్రుల పేరున తకాఫుల్ పత్రం దొరుకుతుందేమో అక్కడే విచారించడం మేలు. అమెరికాలో ఉన్నవారు తమ ప్రాంతపు పండితుణ్ణి సంప్రదించి, టిక్కెట్టు కొనకముందే ఒక నిర్ణయానికి రావాలి. కార్డును నమ్ముకొని తండ్రిని విమానమెక్కించడం మాత్రం ఏ లెక్కన చూసినా సరికాదు.