చూడకుండానే తెలిసిన సినిమాలు

పాత సినిమాల్లో కొన్ని చూడనివారికి కూడా బాగా తెలుసు. 'మాయాబజార్' అలాంటిదే. 1957లో కె.వి.రెడ్డి దర్శకత్వంలో వచ్చిన ఈ చిత్రంలోని ఘటోత్కచుడి వివాహ భోజనం, వెన్నెల్లో పడవ పాట తెలియని తెలుగువారు అరుదు. పాటలు రేడియోలో, హాస్య సన్నివేశాలు టీవీలో ముక్కలు ముక్కలుగా వచ్చి, సినిమా మొత్తం చూసేశామన్న భ్రమ కలిగిస్తాయి. కానీ మూడు గంటల కథలో పాండవులు ఒక్కసారి కూడా తెరమీదికి రారన్న సంగతి ఆ ముక్కల్లో దొరకదు. శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి నటనా అంతే. అసలు శశిరేఖను మొదటినుంచీ చూస్తూ వచ్చినవారికే అందులోని చమత్కారం పూర్తిగా అందుతుంది. 2010లో రంగులద్ది మళ్లీ విడుదల చేశారు గానీ, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే వెలుగునీడల పనితనానికి నలుపు తెలుపులే నప్పుతాయి.

చూద్దామన్నా వీల్లేని సినిమాలు వేరే ఉన్నాయి. తొలి భారతీయ టాకీ 'ఆలం ఆరా' 1931లో బొంబాయిలో విడుదలైంది. అందులో మన ఎల్.వి.ప్రసాద్ కూడా నటించారు. దాని ప్రింటు ఒక్కటి కూడా నేడు లేదు. మిగిలినవి కొన్ని ఫొటోలు, ప్రచార సామగ్రి మాత్రమే.