రక్తపు చుక్కలో క్యాన్సర్ జాడను కరెంటు ఎలా పట్టిస్తుంది?

కొన్ని క్యాన్సర్లు పెరిగేటప్పుడు కొన్ని ప్రొటీన్లు మామూలుకన్నా ఎక్కువగా రక్తంలో చేరతాయి. మగవారి ప్రోస్టేట్ గ్రంథి తయారుచేసే పీఎస్ఏ అలాంటిదే. రక్తంలో అది మిల్లీలీటరుకు 4 నానోగ్రాములు దాటితే సాధారణంగా వైద్యులు మరిన్ని పరీక్షల గురించి ఆలోచిస్తారు. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లవ వంతు!

అంత సూక్ష్మమైనదాన్ని పట్టడానికి ఎలక్ట్రోడు మీద యాంటీబాడీలను అతికిస్తారు. అవి తమకు సరిపోయే ప్రొటీన్‌నే పట్టుకుంటాయి, మిగతాదంతా కడిగేస్తారు. ఆపైన ఎంజైమ్ తగిలించిన రెండో యాంటీబాడీని పంపితే, అదీ అదే ప్రొటీన్‌కు అంటుకుంటుంది. ఎంజైమ్ చర్యవల్ల పుట్టిన పదార్థం ఎలక్ట్రోడు దగ్గర ఎలక్ట్రాన్లను మార్చుకుంటుంది, కరెంటు పారుతుంది. ప్రొటీన్ ఎంత ఎక్కువో కరెంటూ అంత ఎక్కువ. ఎంజైమ్ చర్యను ఎలక్ట్రోడుతో కొలవవచ్చని 1962లో క్లార్క్, లయన్స్ ప్రతిపాదించారు. షుగరు చూసే గ్లూకోమీటరు ఆ దారిలో వచ్చిందే. పెద్ద ల్యాబుల్లో మరో పద్ధతి ఉంది: ఎంజైమ్ బదులు రుథీనియం తగిలించిన యాంటీబాడీని వాడి, విద్యుత్తు ఇచ్చినప్పుడు వెలువడే వెలుగును కొలుస్తారు.

చేతిలో పట్టే క్యాన్సర్ పరికరాలు చాలావరకు ఇంకా పరిశోధనలోనే ఉన్నాయి. అవి నమ్మదగినవిగా తయారైతే, పెద్దాసుపత్రులకు దూరంగా ఉన్న, తెలంగాణలోని రుద్రంగి లాంటి ఊళ్లకు ఎంతో మేలు. అయితే వయసుతో గ్రంథి ఉబ్బినా, ఇన్ఫెక్షన్ వచ్చినా పీఎస్ఏ పెరుగుతుంది. అందుకే అంకెను చూసి భయపడకూడదు, నిర్లక్ష్యమూ చేయకూడదు. క్యాన్సర్ అని తేల్చేది గ్రంథి నుంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీయే. హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఆ పరీక్ష, చికిత్స రెండూ ఉన్నాయి.