పల్లె కాపరి అప్పులు, ఆయన విడిచిన ఆస్తి

జాన్ వెస్లీ పేరు వినని సంఘం మనలో దాదాపు ఉండదు. ఆయన తమ్ముడు చార్లెస్ రాసిన పాటలను తెలుగులో పాడుకుంటున్నాం. తల్లి సుసన్నా ప్రార్థనా జీవితం గురించి స్త్రీల కూటాల్లో తరచూ చెప్పుకుంటాం. అయితే ఆ ఇంటి యజమాని శామ్యూల్ వెస్లీ గురించి మాత్రం మనకు తెలిసింది తక్కువ. ఆయన ఒక పల్లె గురువు. ఇంగ్లండులో ఎప్‌వర్త్ అనే ఒకే ఊరిలో దాదాపు 40 ఏళ్లు సేవ చేసి, అప్పులతోనే కన్నుమూశారు. ఆయన బ్రతుకును, ఆయన పూర్వికుల చరిత్రను చదివితే మన సంఘాలన్నీ వేసుకోవలసిన ఒక ప్రశ్న ఎదురవుతుంది. కాపరి సేవకు ఫలం దేవుడు ఇస్తాడని నమ్ముతున్న మనం, ఆ కాపరి ఇంటి అవసరాలను ఎవరికి వదిలేస్తున్నాం?

గుడి నుండి వెళ్లగొట్టబడిన తాతలు

1662లో ఇంగ్లండు పార్లమెంటు ఏకరూపతా చట్టం చేసింది. సామాన్య ప్రార్థనల పుస్తకంలోని ప్రతి మాటకూ తాను సమ్మతిస్తున్నానని ప్రతి గురువూ ప్రకటించాలి. లేదంటే ఆగస్టు 24 నాటికి గుడినీ ఇంటినీ విడిచిపోవాలి. మనస్సాక్షి ఒప్పుకోక సుమారు 2000 మంది తమ పదవులు పోగొట్టుకున్నారు. అప్పటి నుండి వారికి జీతం లేదు, ఇల్లు లేదు.

వారిలో డార్సెట్ ప్రాంతపు చార్మత్ గురువు బార్తొలొమ్యూ వెస్లీ ఒకరు. ఆయన వైద్యం చేసుకుని బ్రతికారు. అదే ప్రాంతంలో గురువుగా ఉన్న ఆయన కుమారుడు జాన్ కూడా గుడి విడిచారు. అనుమతి లేకుండా వాక్యం చెప్పినందుకు ఆయన పలుమార్లు జైలుకు వెళ్లి, ముప్పైల వయసులోనే చనిపోయారు. ఆ జాన్ కుమారుడే మన శామ్యూల్. తండ్రి పదవి పోయిన నాలుగు నెలలకు, 1662 డిసెంబరులో ఆయనకు బాప్తిస్మమిచ్చారు. లండన్‌లో ప్రసిద్ధ బోధకుడైన డాక్టర్ శామ్యూల్ ఆన్‌స్లీ కూడా ఆ 2000 మందిలో ఒకరు. సుసన్నా ఆయన కడగొట్టు కూతురు.

ఈ ఇద్దరూ పెద్దయ్యాక తమ తండ్రులను వెళ్లగొట్టిన సంఘంలోనే, ఎవరికి వారు ఆలోచించుకుని, తిరిగి చేరారు. సుసన్నా ఆ నిర్ణయం తీసుకున్నప్పుడు ఆమెకు ఇంకా 13 ఏళ్లు నిండలేదు. శామ్యూల్ 1683లో కాలినడకన ఆక్స్‌ఫర్డ్ చేరి, ధనిక విద్యార్థులకు పనులు చేసిపెడుతూ చదువుకున్నారు. 1688లో వారికి వివాహమైంది. సత్యమని నమ్మినదాని కోసం ఎంత నష్టమైనా భరించడం రెండు వంశాల నుండీ వచ్చిన గుణం. అదే గుణం ఆ ఇంట్లో గొడవలకూ కారణమైంది. రాజైన విలియం కోసం భర్త చేసిన ప్రార్థనకు సుసన్నా ఆమేన్ చెప్పలేదు. ఆయన అలిగి కొంతకాలం ఇల్లు విడిచి ఉన్నారు. ఆ తర్వాత వారు కలుసుకున్నాక పుట్టిన బిడ్డ జాన్.

ఎప్‌వర్త్ ఎలాంటి ఊరు

శామ్యూల్ 1690లలో ఎప్‌వర్త్‌కు వచ్చారు. లింకన్‌షైర్‌లోని ఆ ప్రాంతం ఒకప్పుడు చుట్టూ నీళ్లు నిలిచిన చిత్తడి నేల. ఊరివారు చేపలు పట్టుకుంటూ, ఉమ్మడి బీడుల్లో పశువులు మేపుకుంటూ బ్రతికేవారు. 1626 నుండి రాజు అనుమతితో వెర్ముయిడెన్ అనే డచ్చి ఇంజినీరు కాలువలు తవ్వి నీటిని బయటికి పంపాడు. ఎండిన నేలలో పెద్ద భాగం బయటివారి చేతికి పోయింది. తమ నేల కోసం ఊరివారు తరాల తరబడి పోరాడారు. అటువంటి ఊరికి రాజపక్షం వాడైన గురువు, అందులోనూ చదువుకున్న బయటి మనిషి వస్తే ఎలా ఉంటుందో ఊహించవచ్చు. శామ్యూల్ మెత్తని మనిషి కాదు. తప్పు చేసినవారిని సంఘం ఎదుట నిలబెట్టి మందలించేవారు. రాజకీయాల్లో తన పక్షం దాచుకునేవారు కాదు.

అప్పు, అగ్ని, చెరసాల

ఎప్‌వర్త్ పదవి విలువ ఏటా సుమారు 200 పౌండ్లు. వినడానికి అది మంచి జీతమే. కానీ అది నెలనెలా చేతికి వచ్చే డబ్బు కాదు. పంటలో పదవ వంతు వసూలు చేసుకోవాలి, గుడి భూమిని సాగు చేయించుకోవాలి. శామ్యూల్‌కు వ్యవసాయం తెలియదు. పదవిలో చేరే ఖర్చుకే అప్పు చేశారు. కొట్టం కూలిపోయింది. 1702లో ఇల్లు చాలా భాగం కాలిపోయింది. ఆ తర్వాత అవిసె పంట తగలబడింది. సుసన్నాకు మొత్తం 19 మంది పిల్లలు పుట్టారు. బ్రతికి పెద్దయినవారు 10 మంది.

1705 ఎన్నికల్లో శామ్యూల్ ఒక పక్షానికి బాహాటంగా మద్దతిచ్చారు. రాత్రి జనం వచ్చి ఆయన ఇంటి ముందు డప్పులు కొట్టారు, తుపాకులు పేల్చారు. తెల్లవార్లూ నిద్రలేని దాది ఒళ్లు తెలియని నిద్రలో పక్క మీదికి దొర్లడంతో పసిబిడ్డ ఊపిరాడక చనిపోయింది. కొద్ది వారాలకే, 30 పౌండ్లకన్నా తక్కువ అప్పు కింద ఆయనను పట్టుకుని లింకన్ జైలులో వేశారు. ఇంటి దగ్గర ఆవులను కత్తులతో పొడిచారు. సుసన్నా తన ఉంగరాలు పంపితే ఆయన తిప్పి పంపేశారు. జైల్లో తోటి ఖైదీలకు ప్రార్థనలు చదువుతూ, వాక్యం చెబుతూ ఉన్నారు. యార్క్ ఆర్చిబిషప్ షార్ప్, మరికొందరు సహాయం చేస్తే కొన్ని నెలలకు బయటికొచ్చారు. ఆర్చిబిషప్ సుసన్నాను, ఎప్పుడైనా తిండికి లేకపోయిందా అని అడిగారట. రొట్టె లేని రోజు లేదు గానీ, దాన్ని సంపాదించడానికీ తిన్న తర్వాత బాకీ తీర్చడానికీ పడిన బాధ వల్ల అది నోటికి రుచించలేదు అన్న అర్థంలో ఆమె జవాబిచ్చారు. మన పాస్టరమ్మగార్లలో ఎంతమందికి ఈ మాట కొత్త కాదో వారికే తెలుసు.

1709 ఫిబ్రవరి 9 రాత్రి ఇల్లు పూర్తిగా కాలిపోయింది. అయిదేళ్ల జాన్‌ను, ఒకరి భుజాలపై ఒకరు ఎక్కి, పై కిటికీలోంచి దింపారు. ఆ వెంటనే కప్పు కూలింది. శామ్యూల్ పుస్తకాలు, రాతప్రతులు అన్నీ బూడిదయ్యాయి. ఇటుకలతో కొత్త ఇల్లు కట్టించడానికి మళ్లీ అప్పు చేయవలసి వచ్చింది. ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది.

తరంగంబాడి కబురు, ఎప్‌వర్త్ వంటగది

1711-12 చలికాలంలో శామ్యూల్ గురువుల మహాసభ కోసం లండన్‌లో ఉన్నారు. ఆ రోజుల్లో పెద్ద కూతురు ఎమిలియాకు తండ్రి గదిలో ఒక పుస్తకం దొరికింది. తమిళ దేశపు తీరాన తరంగంబాడిలో 1706లో దిగిన డేనిష్ మిషనెరీల వృత్తాంతం అది. అది చదివించి విన్న సుసన్నా చాలా కదిలిపోయారు. తాను స్త్రీననీ, గురువును కాననీ ఎరిగినా, ఇప్పటికన్నా ఎక్కువ చేయగలనని నిశ్చయించుకున్నారు. వారంలో ఒక్కొక్క సాయంత్రం ఒక్కొక్క బిడ్డతో విడిగా కూర్చుని ఆత్మసంబంధమైన మాటలు మాట్లాడారు. గురువారం జాన్ వంతు. ఆదివారం సాయంత్రం ఇంట్లో చదివే ప్రసంగం వినడానికి ఇరుగుపొరుగువారు రాసాగారు. కొన్ని వారాలకు 200 మంది వరకు వచ్చారు.

సహాయ గురువు లండన్‌కు ఫిర్యాదు రాశారు. శామ్యూల్ మానుకోమని రాస్తే, మీ కోరిక అని చెప్పక స్పష్టమైన ఆజ్ఞ ఇవ్వండి, క్రీస్తు న్యాయపీఠం ముందు ఆ బాధ్యత మీది అవుతుంది అన్న భావంతో సుసన్నా జవాబు రాశారు. ఆయన ఆజ్ఞ ఇవ్వలేదు. కూటం సాగింది.

ఆ తరంగంబాడి మిషనుకు చెందిన బెంజమిన్ షుల్జ్ తర్వాత మద్రాసులో ఉండి బైబిలును తెలుగులోకి అనువదించారు. మన తీరం నుండి వెళ్లిన కబురు ఎప్‌వర్త్ వంటగదిని కదిలిస్తే, ఆ ఇంటి బిడ్డల ద్వారా పుట్టిన మెథడిస్టు ఉద్యమం తిరిగి మెదక్ పల్లెలకు వచ్చింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మెదక్ చర్చి ఆ సేవ ఫలమే.

కూతుళ్ల కన్నీళ్లు

ఈ కుటుంబాన్ని ఆదర్శంగా మాత్రమే చూపితే అబద్ధం అవుతుంది. హెట్టీ చాలా తెలివైన కూతురు, కవయిత్రి. 1725లో ఒక వ్యక్తిని నమ్మి ఇల్లు విడిచి, మోసపోయి, గర్భవతిగా తిరిగివచ్చింది. తండ్రి ఆమెకు తగని సంబంధం చేసి పంపేశారు. జీవితాంతం ఆమెను దూరంగానే ఉంచారు. జాన్ అక్క పక్షాన ప్రేమను గూర్చి ప్రసంగించి తండ్రి కోపానికి గురయ్యారు. ఊరికి క్షమాపణ బోధించిన కాపరి తన బిడ్డకు అది ఇవ్వలేకపోయారు. సేవకుల పిల్లలు ఊరంతటికీ మాదిరిగా ఉండాలని ఒత్తిడి చేసే మనం, ఆ ఒత్తిడి ఆ ఇంటి లోపల ఏం చేస్తుందో ఆలోచించాలి.

సమాధి మీద ప్రసంగం

శామ్యూల్ 1735 ఏప్రిల్ 25న చనిపోయారు. యోబు గ్రంథంపై ఏళ్ల తరబడి రాసిన లాటిన్ పుస్తకం అచ్చులో చూసుకోలేకపోయారు. ఈ దేశంలో విశ్వాసం మళ్లీ ఉజ్జీవిస్తుంది, నేను చూడను గానీ మీరు చూస్తారు అన్న నిరీక్షణను కుమారులకు చెప్పి వెళ్లారు. ఆయన పోగానే 15 పౌండ్ల బాకీకి 40 పౌండ్లకు పైగా విలువైన పశువులను జప్తు చేశారు. ఇల్లు తర్వాతి గురువుది కాబట్టి సుసన్నా దాన్ని వదిలి, చివరి వరకు పిల్లల దగ్గరే గడిపారు.

1742 జూన్‌లో జాన్ ఎప్‌వర్త్ వచ్చారు. అప్పటి గురువు గుడిలో మాట్లాడనివ్వలేదు. జాన్ బయటికొచ్చి తండ్రి సమాధి మీద నిలబడి వాక్యం చెప్పారు. ఆ ఊరు అంతకుముందెన్నడూ చూడనంత జనం వచ్చారు. వారం పాటు సాయంత్రాలు అదే సమాధి మీద నుండి ప్రకటించారు. తండ్రి అన్నేళ్లు చల్లిన విత్తనం ఇప్పుడు మొలకెత్తిందని ఆయన గ్రహించారు.

మనం చేయవలసింది

ఈ చరిత్ర నుండి మనం తొందరగా తీసుకునే పాఠం ఒకటుంది: సేవకుడు కష్టపడాలి, ఫలం తర్వాత వస్తుంది అని. అది సత్యమే. కానీ ఆ మాట సేవకుడు తనకు తాను చెప్పుకోవచ్చు గానీ, సంఘం ఆయనకు చెప్పి చేతులు దులుపుకోకూడదు. కళ్లం తొక్కే ఎద్దు మూతికి చిక్కం వేయవద్దన్న ధర్మశాస్త్రాన్ని పౌలు సంఘపు పెద్దల విషయంలోనే గుర్తు చేశాడు (1 తిమోతి 5:17-18). ఎప్‌వర్త్‌లో వచ్చిన ఫలానికి దేవుడు కారణం. ఆ జైలుకు, ఆ జప్తుకు కారణం మనుషులు.

కాబట్టి మన సంఘ కమిటీలు ఏడాదికి ఒక్కసారైనా కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. పాస్టర్ గారికి ఇస్తామన్నది ఇస్తామన్న తేదీకి ఇస్తున్నామా? మందిరానికి రంగులు వేసిన ఏడాది ఆయన ఇంటి కప్పు సంగతి చూశామా? ఆయనకు అప్పు ఉందేమో నెమ్మదిగా, గౌరవంగా అడిగామా? వైద్య బీమా ఉందా? ఆయన ప్రభువు పిలుపు అందుకున్న తర్వాత అమ్మగారు క్వార్టర్స్ ఖాళీ చేసి ఎక్కడికి వెళ్తారు? సేవకులు కూడా తమ ఇంటి లెక్క నమ్మకమైన ఒకరిద్దరు పెద్దలకు తెలిసేలా ఉంచాలి. అవసరం చెప్పుకోవడం అవిశ్వాసం కాదు.

ఈ ప్రశ్నలు వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత, పాస్టర్ గారు లేని చోట, పెద్దలు కూర్చుని మాట్లాడుకోవాలని కోరుతున్నాం.