మోటారు సైకిలు టైరు: కొనుటకు ముందు చదువవలసిన వ్రాత

మన బాల్కొండ ప్రాంతపు రైతు ఎద్దును కొనునప్పుడు దాని పండ్లు చూచును, నడక చూచును, కాడికి మెడ ఒగ్గునో లేదో చూచును. ఎఱ్ఱజొన్న విత్తనమైనను, పసుపు కొమ్మయైనను చేతిలోనికి తీసికొని పరీక్షింపక కొనడు. ఇంత జాగ్రత్తగల రైతే తన మోటారు సైకిలు టైరు అరిగినప్పుడు దుకాణమునకు పోయి, "బండికి టైరు వేయుము" అని చెప్పి, బల్లపై కూర్చుండి తేనీరు త్రాగుచుండును. ఏ టైరు వేసిరో, అది ఎప్పుడు తయారైనదో, ఎంత బరువు మోయగలదో విచారింపడు. ఎద్దు చెడినచో ఒక పంటకాలము నష్టము. టైరు చెడినచో ప్రాణమునకే ముప్పు. అందుచేత ఈ సంచికలో ఈ విషయమును గూర్చి సభ్యులకు కొంత విన్నవింపదలచితిమి.

పూర్వము ఎడ్లబండి చేసిన పనిలో సగము నేడు మోటారు సైకిలే చేయుచున్నది. యూరియా బస్తా, పాలక్యాను, అంకాపూరునకు పోవు కూరగాయల మూట, బడికి పోవు పిల్లవాడు, అన్నియు దానిమీదనే. పైగా శ్రీనగరు నుండి కన్యాకుమారి వరకు పోవు 44వ జాతీయ రహదారి, అనగా పూర్వపు 7వ నెంబరు రహదారి, మన ప్రక్కనుండియే పోవుచున్నది. ప్రొలమునుండి బురదతో బయలుదేరిన బండి కొద్ది నిమిషములలో లారీల నడుమ పరుగెత్తవలసి యుండును.

మోసెడిది గాలి

టైరు బలమంతయు రబ్బరులో నున్నదని పలువురు తలంతురు. అది సరికాదు. బరువును మోయునది ముఖ్యముగా లోపలి గాలి. రబ్బరును, అందలి దారపు పొరలును ఆ గాలిని పట్టి యుంచును. 1888వ సంవత్సరమున బెల్‌ఫాస్టు నగరమున జాన్ బోయిడ్ డన్‌లప్ అను పశువైద్యుడు తన కుమారుని మూడుచక్రముల బండి కుదుపు లేక నడుచుటకై చక్రములకు గాలి నింపిన రబ్బరు గొట్టములు చుట్టెను. ఆయన పేరే పిమ్మట మన పల్లెలలో "డన్‌లప్ బండి" అను మాటగా నిలిచినది. ఇనుప పట్టా బండిపైని, డన్‌లప్ బండిపైని చెఱకు తోలిన పెద్దలకు ఈ రెంటి భేదము చక్కగా తెలియును. ఎద్దుల శ్రమను తగ్గించినది గాలియే.

గాలి తక్కువై బరువు ఎక్కువైనచో టైరు ప్రక్కభాగము ప్రతి చుట్టునందును అణగి లేచుచుండును. ఆ మెలికవలన వేడి పుట్టును. మే నెలలో మన జిల్లాలో ఎండ 45 డిగ్రీల వరకు పోవునప్పుడు నల్లని తారురోడ్డు వేడియు దానికి తోడగును. పొరలు విడిపోయి టైరు పగులుట కిదియే ముఖ్యకారణము.

టైరు ప్రక్కనున్న అంకెలు

టైరు జాతకమంతయు దాని ప్రక్కభాగముననే అచ్చువేయబడి యుండును. అది ఆంగ్లాక్షరములలో నున్నను, అంకెలు పోల్చుకొనగలవారు ఎవరైనను దానిని చదువవచ్చును.

మొదటిది కొలత. మన గ్రామములలో విశేషముగా నున్న 100 సీసీ బండ్లలో అనేకములకు 2.75-18 గాని, 80/100-18 గాని యుండును. 2.75 అనగా టైరు వెడల్పు అంగుళములలో. 18 అనగా రిమ్ము అడ్డకొలత అంగుళములలో. రెండవ పద్ధతిలో 80 అనగా వెడల్పు మిల్లీమీటర్లలో. 100 అనగా ఎత్తు ఆ వెడల్పునకు నూటికి నూరు వంతు. బండితో వచ్చిన పుస్తకములో నున్న కొలతనే కొనవలెను. లావు టైరు వేసినచో బండి అందముగా నుండునని కొందరు యువకులు తలంతురు. అట్టి టైరు గొలుసునకో, మడ్‌గార్డునకో రాచుకొనవచ్చును. రిమ్ముపై సరిగా కూర్చుండదు. వేగము చూపు ముల్లును తప్పు చెప్పవచ్చును.

రెండవది బరువు సంఖ్య. కొలతకు ప్రక్కనే 47పీ, 54పీ అని యుండును. అంకె బరువును తెలుపును. అక్షరము వేగమును తెలుపును. జే అనగా గంటకు 100 కిలోమీటర్లు, ఎల్ అనగా 120, పీ అనగా 150. బరువు సంఖ్య 42 అయినచో ఆ టైరు 150 కిలోలు మోయును; 47 అయినచో 175; 48 అయినచో 180; 54 అయినచో 212 కిలోలు.

మూడవది పుట్టిన తేది. చిన్న గుండ్రని గడిలో నాలుగంకె లుండును. 2324 అని యున్నచో 2024వ సంవత్సరము 23వ వారమున తయారైనదని యర్థము. రబ్బరు వాడకున్నను ముసలిదగును. కొనునప్పుడు ఏడాదిలోపు తయారైన టైరునే అడుగవలెను. ఐదేండ్లు దాటిన టైరును, గాడులు లోతుగా నున్నను, ఏటేట పరీక్షింపవలెను.

నాల్గవది ఐ.ఎస్.ఐ. ముద్ర. ద్విచక్ర, త్రిచక్ర వాహనముల టైర్లకు ఐ.ఎస్. 15627 అను ప్రమాణము కలదు. కేంద్ర ప్రభుత్వము 2009లో చేసిన ఉత్తర్వు ననుసరించి ఈ ముద్ర తప్పనిసరి.

ఒక బస్తా భేదము

పై నాలుగింటిలో రైతు మిక్కిలి శ్రద్ధతో చూడవలసినది బరువు సంఖ్య. కొన్ని బండ్లకు ముందు వెనుక చక్రముల రెంటికిని 80/100-18 అను ఒకే కొలత యుండును. కాని ముందుదానికి 47, వెనుకదానికి 54 అని పుస్తకములో నుండును. రెండును చూపునకు ఒక్కటే. భేదము 37 కిలోలు, అనగా ఇంచుమించుగా ఒక యూరియా బస్తా.

లెక్క చూడుడు. బండి బరువు సుమారు 110 కిలోలు. అందులో సగము వెనుక చక్రముపై పడును. నడుపువాని బరువు 65 కిలోలైనచో అందులో 40 వెనుకకే పోవును. వెనుక కూర్చున్నవారు 55 కిలోలైనచో 50 వెనుక చక్రముదే. వారి వెనుక 45 కిలోల యూరియా బస్తా కట్టినచో మొత్తము 190 కిలోలు. 54 సంఖ్య టైరు దీనిని మోయగలదు. 47 సంఖ్యది మోయజాలదు.

మాకు బాగుగా తెలిసిన ఒక రైతు ఇట్లే భార్యను, ఒక బస్తాను ఎక్కించుకొని ఆర్మూరు నుండి వచ్చుచుండగా రహదారిపై వెనుక టైరు పగిలినది. ఆమె చేయి విరిగినది. వెనుక లారీ లేకపోవుటచే ఇద్దరును బ్రతికిరి. మరునాడు మేమా టైరును చూచితిమి. గాడులు చక్కగా నున్నవి; కొలత సరిగా నున్నది. కాని సంఖ్య 47. తయారై ఐదేండ్లు దాటినది. గాలి ఒక్క మనిషికి తగినంతయే నింపుకొంటినని ఆయనయే చెప్పెను. మూడు తప్పులు ఒకచోట కూడినవి. టైరు కొన్ననాడు ఆ మూడింటిలో రెండు అక్కడనే అచ్చులో కనబడుచుండెను. చదివినవారు లేరు.

ఏ గాడులు మేలు

ముందు టైరునకు చుట్టును నిడుపుగా సాగు గాడు లుండుట మంచిది. అవి నీటిని చీల్చి బండి దారి తప్పకుండ చేయును. వెనుక టైరునకు అడ్డగాడులు, దిమ్మలు కలిసిన నమూనా పట్టు నిచ్చును. శ్రీరాంసాగరు కాలువ కట్టలపై మొరము దారినో, వానకాలము బురదలోనో తిరుగువారు పెద్ద దిమ్మలుగల బటన్ టైరును కోరుదురు. బురదలో నది మేలే. కాని తారురోడ్డుపై దాని దిమ్మలు మాత్రమే నేలను తాకును; తడిరోడ్డుపై బ్రేకు వేసినప్పుడు జారును. దినములో ఎక్కువ దూరము ఏ దారిపై పోవుదుమో దానికి తగిన టైరు వేసికొని, తక్కువ దూరమును మెల్లగా నడుపుకొనుటయే తెలివి.

గాడులు ఎంత అరిగిన మార్చవలెను? గాడి అడుగున అక్కడక్కడ చిన్న రబ్బరు గట్లుండును. టైరు ప్రక్కన చిన్న త్రికోణపు గుర్తు వానిని చూపును. టైరు అరిగి ఆ గట్లతో సమమైనచో దాని పని ముగిసినది. ద్విచక్ర వాహనములకు గాడి లోతు 0.8 మిల్లీమీటరుకు తగ్గరాదని మోటారు వాహనముల నిబంధన. కాని వానకాలము ఆ హద్దు వరకు ఆగక, మృగశిర కార్తెకు ముందే చూచుకొనుట మేలు. వెనుకది ముందుగా అరుగుట సహజము. అరిగిన వెనుక టైరును ముందు చక్రమునకు వేయుట మాత్రము ఎన్నడును చేయరాదు.

ట్యూబు, ముల్లు

తుమ్మముల్లు మన దారులకు క్రొత్త కాదు. ట్యూబ్‌లెస్ టైరులో ముల్లు దిగినను గాలి సామాన్యముగా మెల్లగా పోవును గనుక, బండిని అదుపులో నుంచుకొని ప్రక్కకు తీయుటకు వ్యవధి చిక్కును. ట్యూబు టైరులో గాలి ఒక్కసారిగా పోవచ్చును. అట్లని ట్యూబ్‌లెస్ టైరును ఏ చక్రమునకు పడిన ఆ చక్రమునకు వేయరాదు. స్పోకుల చక్రములకు సామాన్యముగా ట్యూబు కావలెను. అల్లాయి చక్రమైనంతమాత్రమున చాలదు. అది ట్యూబ్‌లెస్‌కు తగినదని రిమ్ముపైనో, పుస్తకములోనో ఉండవలెను. ట్యూబు టైరు కొనువారు క్రొత్త ట్యూబును కూడ కొనవలెను. పాతది సాగి యుండును. క్రొత్త టైరులో మడతపడి అక్కడనే చిరుగును.

మోసపు సరుకు

అరిగిన టైరునకు కత్తితో క్రొత్తగా గాడులు కోసి, నల్లరంగు పూసి తక్కువ ధరకు అమ్మువారు కలరు. కోసిన కొలది లోపలి పొరలపై రబ్బరు పలుచనగును. గుర్తుపట్టుట కష్టము కాదు. అట్టిదానిలో గాడి అడుగున పైని చెప్పిన గట్లుండవు. గాడి అంచులు కోతవలె పదునుగా నుండును. క్రొత్త టైరుపై వెండ్రుకలవలె కనబడు సన్నని రబ్బరు ముండ్లుండవు. సగము ధరకు వచ్చినను అట్టి టైరు వలదు.

బిగించిన పిమ్మట

టైరు ప్రక్కన బాణపు గుర్తున్నచో చక్రము తిరుగు దిక్కునకే అది చూపవలెను. మొదటి 100, 150 కిలోమీటర్లు మెల్లగా నడుపవలెను. క్రొత్త రబ్బరుపైని నునుపు పోవువరకు మలుపులలో జారు నవకాశము కలదు. గాలిని పుస్తకములో చెప్పిన కొలతకు, టైరు చల్లగా నున్నప్పుడు, పదునైదు దినముల కొకసారియైనను చూడవలెను. వెనుక మనిషినిగాని బస్తానుగాని ఎక్కించునాడు వెనుక టైరునకు ఎక్కువ గాలి కావలెనని ఆ పుస్తకములోనే యుండును. వ్రేలితో నొక్కి చూచుట కొలత కాదు.

సంఘము చేయదగినది

ఒక గ్రామమున ఒకే కొలత టైర్లు కావలసిన సభ్యులు పదిమంది కూడి ఒకేసారి కొన్నచో ధరయందును, తయారీ తేదీయందును బేరమాడు బలము కలుగును. 2025 సెప్టెంబరు 22వ తేదీ నుండి క్రొత్త టైర్లపై జి.ఎస్.టి. నూటికి 28 నుండి 18కి తగ్గింపబడినది. ఆ తగ్గింపు రైతునకు చేరినదో లేదో తెలియవలెనన్నచో బిల్లు తీసికొనవలెను. ప్రతి సంఘ కార్యాలయమునను ఒక గాలి కొలత మీటరు నుంచినచో, ఎరువులకు వచ్చిన సభ్యుడు బస్తా ఎత్తుటకు ముందే తన టైరును చూచుకొనవచ్చును.

కడపట ఒక్క మాట. ఎంత మంచి టైరైనను రోడ్డుపై ఆరబోసిన వడ్లమీద, మక్కలమీద పట్టు నిలుపజాలదు. ఆ వడ్లు మనవే. రాత్రివేళ వానిపై జారిపడువారును మనవారే. టైరును చదువుటతోపాటు రోడ్డును విడిచిపెట్టుటయు మన కర్తవ్యము. సభ్యులు ఈ రెంటిని ఆలోచింతురు గాక.