ఒకే ఒక్క కణం... అయినా కింద ఏదో దానికి తెలుసు!

గింజను నేలలో ఎలా పడేసినా వేరు కిందికే దిగుతుంది. ఈ సంగతి రైతుకు కొత్త కాదు. కానీ గింజలో కణాలు లెక్కలేనన్ని. దిక్కు పసిగట్టేవి కొన్ని, వేరును వంచేవి కొన్ని, అలా పని పంచుకుంటాయి. పూలూ గింజలూ లేని ఫెర్న్ మొక్కకు ఆ వెసులుబాటు లేదు. దాని సిద్ధబీజం, అంటే స్పోరు, ఒకే ఒక్క కణం. కింద ఏదో కనిపెట్టాల్సిందీ అదే, దాని ప్రకారం తన ఒళ్లు మలుచుకోవాల్సిందీ అదే. ఆ పని ఎంత నేర్పుగా చేస్తుందో తెలిపే విశేషాలివి.

నీటి పట్టున పెరిగే ఫెర్న్

ఈ విషయంలో ఎక్కువ సంగతులు తెలిపిన మొక్క పేరు సెరటాప్టెరిస్ రిచర్డియై. ఉష్ణమండలాల్లో నీళ్లలో, తడి నేలల్లో పెరుగుతుంది. దీని స్పోరు అడ్డుకొలత సుమారు మిల్లీమీటరులో పదో వంతు. ఫెర్న్ స్పోర్లలో ఇది పెద్దదే. ఒకే పళ్లెంలో వేలకొద్దీ స్పోర్లను ఒకేసారి మొలకెత్తించవచ్చు, అన్నీ ఇంచుమించు ఒకే వేళకు ఒకే దశకు చేరతాయి. అమెరికాలోని ఆస్టిన్‌లో, టెక్సస్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ రూ బృందం ఏళ్ల తరబడి వీటినే పరిశీలించింది.

తడి చాలదు, వెలుగు కావాలి

నీళ్లలో నానబెట్టి చీకట్లో ఉంచితే ఈ స్పోరు నిద్ర లేవదు. ఎర్ర కాంతి సోకాలి. ఆ కాంతిని ఫైటోక్రోమ్ అనే వర్ణకం అందుకోగానే మొలకెత్తడం మొదలవుతుంది. పరిశోధకులకు ఇది పెద్ద సౌకర్యం. దీపం వేసిన క్షణం నుంచి గంటలు లెక్కపెట్టుకుంటూ, ఏ గంటలో కణం లోపల ఏం జరుగుతోందో వరసగా చూడవచ్చు.

ఎనిమిది గంటల్లోపే అంతా

వెలుగు సోకిన సుమారు 40 గంటలకు స్పోరు నుంచి సన్నని మూలతంతువు బయటికి వస్తుంది. వేరు చేసే పనే చేస్తుంది గానీ ఇది వేరు కాదు. నూటికి 90కి పైగా తంతువులు కిందికే వస్తాయి. 1994లో ఎడ్వర్డ్స్, రూ ఒక తేలికైన పరీక్ష పెట్టారు. వెలుగు సోకిన మూడు గంటల్లోపు స్పోర్లను తిప్పేశారు. చాలా తంతువులు కొత్త దిక్కు ప్రకారం కిందికే వచ్చాయి. ఎనిమిది గంటలు దాటాక తలకిందులు చేశారు. అప్పుడు ఎక్కువ తంతువులు పైకి పొడుచుకొచ్చాయి! బయటికి వచ్చాక కూడా దారి మార్చుకోలేదు. అంటే పైకి ఏ ఆనవాలూ కనిపించని వేళలోనే, మొలక రావడానికి ఒక రోజుకు పైగా ముందే, కణం కింద ఏదో తేల్చేసుకుంది. ఒకసారి తేల్చుకున్నాక ఇక వెనక్కి తీసుకోదు.

పదమూడో గంటలో కేంద్రకం ప్రయాణం

నిర్ణయం అయిపోయింది సరే, అమలు ఎప్పుడు? దాదాపు 13వ గంటలో కణం లోపలి కేంద్రకం కదలడం మొదలుపెడుతుంది. మామూలుగా అది కిందివైపు సాగుతుంది. అది ఎటు వెళ్తే తంతువు అటే వస్తుంది. కాబట్టి కేంద్రకాన్ని చూసి మొలక దిక్కును ముందే చెప్పేయవచ్చు. తర్వాత కణం రెండుగా చీలుతుంది, కానీ సమానంగా కాదు. చిన్న కణం తంతువు అవుతుంది. పెద్ద కణం పెరిగి కొన్ని మిల్లీమీటర్ల పచ్చని రేకు అవుతుంది. ఫెర్న్ జీవితంలో ఆడ, మగ కణాలు తయారయ్యేది ఆ రేకు మీదే.

కింది నుంచి లోపలికి, పై నుంచి బయటికి

దిక్కు తేల్చుకునే ఆ గంటల్లో కణం గోడ దగ్గర ఏం జరుగుతోంది? 2000లో రూ బృందం, పోర్టర్‌ఫీల్డ్ కలిసి దాన్ని కొలిచారు. కాల్షియంను మాత్రమే గుర్తించే సన్నని సూదిలాంటి ఎలక్ట్రోడ్‌ను స్పోరు అంచున ఒక చోట ఉంచి కాస్త దగ్గరికీ దూరానికీ కదుపుతూ, రెండు చోట్లా కాల్షియంలో తేడా చూశారు. అలా చుట్టూ కొలిస్తే, కాల్షియం కిందివైపు నుంచి కణంలోకి ప్రవేశించి పైవైపు నుంచి బయటికి పోతోందని తేలింది. ఆ ప్రవాహాన్ని తగ్గించడానికి నిఫెడిపిన్ వాడారు. రక్తపోటుకు డాక్టర్లు రాసే మందే అది. ప్రవాహం తగ్గింది, దాంతోపాటు గురుత్వాకర్షణకు స్పందించే శక్తీ పోయింది. కాల్షియం ప్రవాహం లేనిదే కణానికి కింద ఏదో తెలియడం లేదన్నమాట.

విమానంలో పరీక్ష

పైకి లేచి కిందికి జారే ప్రత్యేక విమానాల్లో ప్రతి విడతా ఇరవై సెకన్లకు పైగా భారరహిత స్థితి ఉంటుంది. దానికి అటూ ఇటూ ఒంటి బరువు దాదాపు రెట్టింపవుతుంది. చిన్న చిప్‌లో అమర్చిన స్పోర్లను ఇలాంటి విమానంలో ఎక్కించి కాల్షియంను కొలిచారు. 2011లో ప్రచురించిన ఫలితాల ప్రకారం బరువు పెరిగితే ప్రవాహం పెరిగింది, భారం లేనప్పుడు తగ్గింది. మార్పు రావడానికి గంటలు పట్టలేదు, సెకన్లు చాలాయి.

రోదసికి వెళ్లిన స్పోర్లు

1999 జులై 23న కొలంబియా వ్యోమనౌక ఎస్‌టీఎస్-93 యాత్రకు బయల్దేరింది. అమెరికా వ్యోమనౌకకు తొలిసారి ఒక మహిళ, ఐలీన్ కాలిన్స్, కమాండర్‌గా వ్యవహరించిన యాత్ర అది. మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టుకున్న చంద్ర ఎక్స్‌రే అబ్జర్వేటరీని కక్ష్యలో వదిలిందీ అదే. సెరటాప్టెరిస్ స్పోర్లు కూడా అందులో వెళ్లాయి. అక్కడా మొలకెత్తాయి. కానీ కేంద్రకాలు ఏ ఒక్క దిక్కుకూ కట్టుబడకుండా తలోవైపూ కదిలాయి. భూమి మీద క్లైనోస్టాట్ అనే యంత్రంలో మెల్లగా తిప్పుతూ పెంచిన స్పోర్ల తంతువులు కూడా ఇలాగే దిక్కు లేకుండా వస్తాయి.

ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి

పూల మొక్కల వేరు కొనను కప్పే తొడుగులోని కణాల్లో బరువైన పిండి రేణువులు అడుగుకు చేరి దిక్కు తెలుపుతాయి. 1900లో హేబర్లాంట్, నెమెక్ ఎవరికి వారే ఈ ఆలోచన చెప్పారు. చెరువుల్లో పెరిగే కారా శైవలం మూలతంతువులో ఆ పని చేసేవి బేరియం సల్ఫేట్ స్ఫటికాలు. ఫెర్న్ స్పోరు సెకన్లలోనే స్పందించడం చూసి, కణంలోని సరుకంతా తన బరువుతో కణత్వచాన్ని నొక్కితే అక్కడి కాల్షియం ద్వారాలు తెరుచుకుంటాయేమోనని పరిశోధకులు ఆలోచిస్తున్నారు.

కల్పన వెళ్లిన యాత్రల్లో మాస్

సెరటోడాన్ అనే మాస్ మొక్క తంతువులు భూమి మీద చీకట్లో నిటారుగా పైకి పెరుగుతాయి. రోదసిలో అవి సర్పిలాకారంలో చుట్టుకుంటూ పెరిగాయి. ఈ ప్రయోగాలు జరిగిన ఎస్‌టీఎస్-87 (1997), ఎస్‌టీఎస్-107 (2003) యాత్రలు రెండింటిలోనూ కల్పనా చావ్లా ఉన్నారు.

లక్ష రెట్ల ఊపును తట్టుకుని

చాలా ఫెర్న్‌లు స్పోర్లను ఒడిసెలతో రాయి విసిరినట్టు విసురుతాయి. పాలీపోడియం ఫెర్న్‌లో ఆ విసురు వేగం సెకనుకు 10 మీటర్ల దాకా ఉంటుందనీ, ఆ త్వరణం భూమ్యాకర్షణకు సుమారు లక్ష రెట్లనీ 2012లో నోబ్లిన్ బృందం లెక్కగట్టింది. అంతటి కుదుపును తట్టుకునే ఫెర్న్ స్పోర్ల కోవలోదే, ఇంత నెమ్మదైన భూమి లాగుడును గమనించి దిక్కు తేల్చుకునే మన సెరటాప్టెరిస్ స్పోరు కూడా.

నీటి చక్రం మీద గింజలు

1806లో ఇంగ్లండ్‌లో థామస్ ఆండ్రూ నైట్ వేగంగా తిరిగే నీటి చక్రానికి గింజలు కట్టాడు. వేళ్లు చక్రం అంచు వైపుకూ, మొలకలు మధ్య వైపుకూ పెరిగాయి. తిప్పే బలమే భూమ్యాకర్షణకు బదులుగా పనిచేసింది. మొక్కలు కనిపెట్టేది భూమ్యాకర్షణనే అనడానికి ప్రయోగపూర్వకంగా దొరికిన తొలి గట్టి ఆధారం ఇది.

శిరీష చేతిలో మొక్కలు

2021 జులై 11న ఆంధ్రప్రదేశ్‌లో పుట్టిన శిరీష బండ్ల వర్జిన్ గెలాక్టిక్ నౌకలో అంతరిక్షపు అంచుకు వెళ్లారు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వారి అరబిడాప్సిస్ మొక్కలున్న గొట్టాలు ఆమె వెంట ఉన్నాయి. రాకెట్ మండక ముందు ఒకసారి, భారరహిత స్థితికి ముందు ఒకసారి, అది ముగిసే వేళ ఒకసారి ఆమె వాటిని చేత్తో పనిచేయించి, ఆయా క్షణాల్లో మొక్కలు ఉన్నవి ఉన్నట్టుగా నిలిచిపోయేలా చేశారు. ఆకర్షణ మారితే నిమిషాల్లో ఏ జన్యువులు మేల్కొంటాయో చూడాలన్నదే ఉద్దేశం.

ఇలాంటి పరిశోధనల అవసరం ముందు ముందు ఇంకా పెరుగుతుంది. చంద్రుడి మీద ఆకర్షణ మన భూమి మీద ఉన్నదాంట్లో ఆరో వంతు, అంగారకుడి మీద సుమారు 38 శాతం. అక్కడ పంట పండించాలంటే, అంత తక్కువ ఆకర్షణలో మొక్క కణం దిక్కు తేల్చుకోగలదా అన్నది ముందుగా తెలియాలి. దాన్ని పరీక్షించడానికి పళ్లెంలో పట్టేంత చిన్నదీ, రెండు రోజుల్లోపే జవాబిచ్చేదీ అయిన ఫెర్న్ స్పోరు కన్నా అనువైనవి కొన్నే ఉంటాయి.