పిట్టకు పెట్టే పల్లీ

ఆకలి తీర్చే గింజలోనే విషమూ దాగి ఉండొచ్చు. పెరట్లో పిట్టలకు పల్లీలు పెట్టేవాళ్లు తెలుసుకోవలసిన సంగతులు

బ్రిటన్ పెరళ్లలో పిట్టలకు పెట్టే మేతల్లో ఎన్నో ఏళ్లుగా వాడుకలో ఉన్నది వేరుశనగ పప్పు. తీగ జాలీతో చేసిన సన్నని గొట్టంలో పల్లీలు పోసి కొమ్మకు వేలాడదీస్తారు. నీలి టోపీ, పసుపు పొట్ట ఉన్న బ్లూ టిట్ వచ్చి, తలకిందులుగా జాలీని పట్టుకుని, కంతలోంచి పప్పును ముక్కుతో చెక్కుకుంటుంది. దాని బరువు సుమారు 11 గ్రాములు. తూకం వేస్తే ఇరవై పైచిలుకు పల్లీ గింజలకు సమానం. లండన్‌లో డిసెంబరు రాత్రి దాదాపు 16 గంటలు. అంతసేపూ ఒళ్లు చల్లబడకుండా ఉండాలంటే ఆ పిట్ట పగలు తిని దాచుకున్న కొవ్వునే కరిగించుకోవాలి. పల్లీలో దాదాపు సగం కొవ్వు, నాలుగో వంతు మాంసకృత్తులు. చలికాలపు పిట్టకు ఇంతకన్నా బలమైన తిండి దొరకడం కష్టం.

అదే పల్లీ పిట్ట ప్రాణం తీయనూ వచ్చు. బూజు విషం ఒక కారణం, గొంతుకు అడ్డం పడడం ఇంకొకటి, మేత దగ్గర అంటుకునే రోగం మరొకటి. చివరి రెండూ చూస్తే తెలుస్తాయి. మొదటిది కంటికి కనబడదు. దాని ఆచూకీ దొరికింది కూడా పక్షుల వల్లే.

లక్ష టర్కీ కోళ్ల చావు

1960లో ఇంగ్లండ్‌లోని ఫారాల్లో టర్కీ కోడిపిల్లలు మందలకు మందలుగా చనిపోసాగాయి. ముందు మేత మానేసేవి, రెక్కలు వాల్చేసేవి, వారం తిరక్కుండానే ప్రాణం విడిచేవి. కోసి చూస్తే కాలేయం పాడైపోయి ఉండేది. కొన్ని నెలల్లోనే లక్షకు పైగా పోయాయి. ఏదో వైరస్ అనుకుని వెతికారు, దొరకలేదు. ఏమిటో తేలని జబ్బు కాబట్టి ‘టర్కీ ఎక్స్ వ్యాధి’ అన్నారు. తర్వాత బాతు పిల్లలకూ, ఫెజెంట్ పిల్లలకూ అదే గతి పట్టింది.

అంటురోగమైతే ఫారం నుంచి పక్క ఫారానికి పాకాలి. ఈ చావులు మాత్రం దాణా బస్తాల వెంట నడిచాయి. చనిపోయిన మందలు తిన్న దాణాలన్నిటిలోనూ కలిసిన సరుకు ఒక్కటే: బ్రెజిల్ నుంచి దిగుమతి అయిన వేరుశనగ చెక్క. నూనె తీశాక మిగిలే ఆ చెక్క మన దగ్గర పాడి పశువులకు పెట్టేదే. బ్రెజిల్ సరుకును తెచ్చిన ఓడ పేరు రోసెట్టి. శాస్త్రవేత్తల రాతల్లో అది ‘రోసెట్టి పిండి’గా నిలిచిపోయింది.

ఆ పిండి నుంచి తీసిన సారాన్ని అతినీలలోహిత కాంతి కింద పెడితే కొన్ని చుక్కలు నీలంగా, కొన్ని ఆకుపచ్చగా మెరిశాయి. నీలం, ఆకుపచ్చ రంగుల ఇంగ్లిష్ పేర్ల తొలి అక్షరాలతోనే వాటికి బీ, జీ అని పేర్లు పెట్టారు. 1961లో అసలు దోషి బయటపడింది. అది ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు. దాని పేరులోంచే అది చిమ్మే విషానికి ‘అఫ్లటాక్సిన్’ అన్న పేరు పుట్టింది. ఈ విషాల్లో బీ1 అనే రకం అన్నిటికన్నా ప్రమాదకరం. మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన పదార్థాల జాబితాలో ఇప్పుడు అదీ ఉంది. 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా చనిపోయినప్పుడు, దానికి కారణం ఇదేనని గుర్తించినవారిలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులున్నారు.

చేలో పడే బీజం

బ్రిటన్ వాతావరణంలో వేరుశనగ పంట పండదు. అక్కడి పెరట్లో వేలాడే ప్రతి గింజా ఏదో వేడి దేశపు నేల నుంచి ఓడెక్కి వచ్చిందే. ఈ బూజు మట్టిలోనే ఉంటుంది. కోతకు ముందు చివరి వారాల్లో వాన మొహం చాటేస్తే, కాక తగిలిన నేలలో కాయ నెర్రె ఇస్తుంది, బూజు లోపలికి దిగుతుంది. అనంతపురం రైతుకు ఈ బెట్ట కొత్తది కాదు. పీకిన చెట్టును కాయలు పైకి వచ్చేలా తిరగేసి ఆరబెట్టడం, కాయ ఆడిస్తే గలగలమనే దాకా బస్తాకెత్తకపోవడం, తడి కాయను కుప్ప వేయకపోవడం ఈ విషాన్ని ఆపే మొదటి కాపలా. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పంటలో ఈ విషాన్ని తక్కువ ఖర్చుతో కొలిచే పరీక్షను తయారు చేసింది.

బస్తా అంతటా విషం సమంగా ఉండదు. వందల గింజలు శుభ్రంగా ఉండి, ఒక్క గింజలోనే మోతాదు విపరీతంగా ఉండొచ్చు. పైకి బూజు కనబడకపోవచ్చు. వేయిస్తే కొంత తగ్గుతుందేమో గాని పూర్తిగా పోదు. అందుకే ఇంట్లో చూసి, వాసన పట్టి తేల్చుకోవడం చాలదు, పరీక్షించిన సరుకే కొనాలి. దాణా సరుకుల్లో బీ1కు యూరప్ నిబంధన పెట్టిన హద్దు కిలోకు 20 మైక్రోగ్రాములు, అంటే 50 టన్నుల్లో ఒక్క గ్రాము. 11 గ్రాముల ప్రాణికి ఈ హద్దు కూడా ఉదారమే అనిపిస్తుంది. మనుషులు తినే నాణ్యత ఉన్న పల్లీ కొనడమే మేలు.

జాలీ, ఉప్పు, శుభ్రత

గూళ్లలో పిల్లలున్న కాలంలో విడి పల్లీలు బల్ల మీద పోయకూడదు. టిట్ పిల్లలకు అసలు తిండి గొంగళి పురుగులు. అవి కరువైనప్పుడు తల్లి పల్లీనే నోట కరుచుకుని పోతుంది, నిండు గింజ పిల్ల గొంతులో ఇరుక్కుంటుంది. సుమారు 6 మిల్లీమీటర్ల కంతలున్న గట్టి తీగ జాలీలో పోస్తే పిట్ట ముక్కలే తీసుకోగలదు. నైలాన్ వల సంచులు మాత్రం వద్దు. వాటిలో కాళ్లు చిక్కుకుంటాయి. ఉప్పు చల్లినవి, మసాలా పట్టించినవి పనికిరావు. అంత ఉప్పును పిట్ట శరీరం తట్టుకోలేదు.

రెండు రోజుల్లో అయిపోయేంత మాత్రమే పోయాలి. వానకు తడిసినవి పారేయాలి. గొట్టాన్ని వారానికోసారి కడిగి, పూర్తిగా ఆరబెట్టి, వేరే చోట వేలాడదీయాలి. ఈ జాగ్రత్త లేనందుకు మూల్యం చెల్లించింది గ్రీన్‌ఫించ్. పావురాల్లో ఉండే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి 2005లో బ్రిటన్ ఫించ్ పిట్టల్లో కనబడి, ఎంగిలి పడిన మేత, నీళ్ల ద్వారా పాకింది. 43 లక్షలున్న గ్రీన్‌ఫించ్‌లు 2009 నాటికి 28 లక్షలకు పడిపోయాయి. 2021లో ఆ పిట్ట ప్రమాదపుటంచున ఉన్నవాటి ఎర్ర జాబితాకెక్కింది. ఈకలు ఉబ్బించుకుని, ముక్కు చుట్టూ తడితో, మింగలేక కూర్చున్న పిట్ట కనబడితే కనీసం రెండు వారాలు మేత ఆపేయాలి.

పిట్టలకు మేత పెట్టే అలవాటు బ్రిటన్‌లో పాతదే. 1890-91 నాటి కఠిన చలికాలంలో పిట్టలకు తిండి వేయమని బ్రిటిష్ పత్రికలు జనాన్ని కోరాయి. 1970ల నుంచి పెరటి పక్షుల లెక్కలు ఏటా సాగుతున్నాయి. 1970ల మొదట్లో పదింట ఒక పెరట్లో కూడా మేతకు రాని గోల్డ్‌ఫించ్ ఇప్పుడు పదింట ఎనిమిదింట వాలుతోంది.

పెరిగిన ముక్కు

బ్రిటన్ గ్రేట్ టిట్ పిట్టల ముక్కు నెదర్లాండ్స్ పిట్టల ముక్కు కన్నా పొడవు. ఆక్స్‌ఫర్డ్ దగ్గరి వైథమ్ అడవి పిట్టల మీద 2017లో వెలువడిన పరిశోధన ఈ తేడా వెనకున్న జన్యువును గుర్తించింది. పొడుగు ముక్కు రకం జన్యువున్న పిట్టలు మేత గొట్టాల దగ్గరికి ఎక్కువగా వస్తున్నాయని కూడా గమనించింది. కారణం మేత గొట్టాలే కావచ్చని పరిశోధకుల ఊహ.

చూరు కింద వరి కుచ్చు

తెలుగు పల్లెల్లో పిచ్చుకలకు మేత అంటే చూరుకో, గుడి మండపానికో వేలాడదీసే వరికంకుల కుచ్చు. అది కొత్త పంట, గాలి ఆడేచోట వేలాడుతుంది కాబట్టి తడిసి కుళ్లదు. డబ్బా అడుగున మిగిలి బూజు వాసన కొట్టే పల్లీలను ‘పిట్టలైనా తింటాయిలే’ అని డాబా మీద పోసే అలవాటు ఇప్పుడిప్పుడు వచ్చింది. ఆ పల్లీలను దయచేసి చెత్తబుట్టలో వేయండి. పిట్టలకు మీ పిల్లలకు పెట్టే పల్లీలే, ఓ గుప్పెడు, ఉప్పు లేకుండా పెట్టండి.