బాయిలరు వేడెక్కి ఆగిపోతే

చలికాలం మొదలవగానే మనవాళ్ళు ఒకరినొకరు అడిగే ప్రశ్న ఒకటి ఇవాళ తీసుకుంటున్నాను. "బాయిలరు వేడెక్కిపోయి దానంతటదే ఆగిపోతోందండీ. రీసెట్ నొక్కితే మళ్ళీ వెలుగుతుంది, గంట తిరక్కుండా మళ్ళీ ఆగిపోతుంది. ఏం చెయ్యాలి?"

నాది కంప్యూటర్ల ఉద్యోగం. గ్యాస్ పనిచేసే అర్హత నాకు లేదు. కాబట్టి బాయిలరు మూత తీయకుండా ఇంట్లో ఎవరైనా చూసుకోదగ్గ సంగతులే చెబుతాను. ఇదంతా బ్రిటన్ ఇళ్ళలో గోడకు తగిలించి ఉండే గ్యాస్ బాయిలర్ల గురించి.

బాయిలరు వేడెక్కిందంటే మంట ఎక్కువైందని చాలామంది అనుకుంటారు. సాధారణంగా జరిగేది అది కాదు. మంట ఎప్పటిలాగే మండుతుంది, ఆ వేడిని మోసుకుపోవలసిన నీళ్ళే సరిగ్గా కదలవు. పంపు వేడినీళ్ళను రేడియేటర్లకు తోస్తుంది, అవి గదులకు వేడి ఇచ్చి చల్లబడి బాయిలరుకు తిరిగొస్తాయి. కాలవకు గండి పడినా, పూడిక పేరుకున్నా చివరి పొలానికి నీరందదు కదా, ఇక్కడా అంతే. కదలని నీళ్ళు బాయిలరులోనే కాగిపోతుంటే, హద్దు దాటగానే లోపలి థర్మోస్టాటు మంట ఆపేస్తుంది. అంటే ఆగిపోవడం జబ్బు కాదు, మనల్ని కాపాడే ఏర్పాటు.

ఇక వరసగా చూద్దాం. మొదట ప్రెషరు గేజి. బాయిలరు చల్లగా ఉన్నప్పుడు ముల్లు 1కీ 1.5 బార్‌కీ మధ్య ఉండాలి. తక్కువైతే బాయిలరు పుస్తకంలో చెప్పినట్టు ఫిల్లింగ్ లూప్ తిప్పి నీళ్ళు నింపవచ్చు. నింపాక వాల్వు గట్టిగా మూయడం మరవకండి. కొద్ది రోజులకే మళ్ళీ పడిపోతే ఎక్కడో కారుతోందన్నమాట. 3 బార్ దగ్గర, కుక్కరుకి ఉన్నట్టే, ఒక సేఫ్టీ వాల్వు తెరుచుకుని బయట గోడ దగ్గర గొట్టంలోంచి నీళ్ళు వదిలేస్తుంది.

రెండోది రేడియేటర్ల వాల్వులు. గ్యాస్ బిల్లు తగ్గుతుందని వాడని గదుల్లో రేడియేటర్లు కట్టేస్తుంటాం. అది మంచిదే. కానీ ఒకటొకటిగా అన్నీ కట్టేస్తే నీళ్ళకు దారేదీ? ఒకటి రెండు ఎప్పుడూ తెరిచే ఉంచండి.

మూడోది గాలి. రేడియేటరు కింద వేడిగా, పైన చల్లగా ఉంటే లోపల గాలి చేరిందని అర్థం. హీటింగ్ ఆపి, చల్లారనిచ్చి, పక్కనున్న చిన్న మరను తాళంతో పావు చుట్టు తిప్పండి. గాలి బుస్సుమని పోయి నీళ్ళు రాగానే మూసెయ్యండి. తర్వాత ప్రెషరు మళ్ళీ చూసుకోండి. అదే, పైన వేడిగా, కింద చల్లగా ఉంటే అది పూడిక. ఇనుము తుప్పు పట్టి నల్లటి బురదగా అడుగున పేరుకుంటుంది. దాన్ని కడగడం మనిషిని పిలిచి చేయించాల్సిన పని.

నాలుగోది పంపు. బాయిలరు మండుతున్నా రేడియేటర్లు ఒక్కటీ వేడెక్కకపోతే పంపు తిరగడం లేదేమోనని అనుమానించాలి. హీటింగ్ ఆపాక కూడా పంపు కొద్ది నిమిషాలు తిరిగి మిగిలిన వేడిని బయటికి పంపుతుంది. అందుకే బాయిలరును రోజూ గోడ స్విచ్ దగ్గర ఆపకండి, టైమరుతోనో థర్మోస్టాటుతోనో ఆపండి.

ఐదోది చప్పుడు. కెటిల్ కాగుతున్నట్టు లోపల గుడగుడమంటుంటే సున్నపు పొర కట్టి ఉండవచ్చు. లండన్లోనూ ఆగ్నేయ ఇంగ్లండులోనూ నీళ్ళలో సున్నం ఎక్కువ.

ఇవన్నీ చూశాక, బాయిలరు చల్లారనిచ్చి పుస్తకంలో చెప్పినట్టు ఒక్కసారి రీసెట్ చెయ్యండి. మళ్ళీ ఆగిపోతే ఇక నొక్కకండి. కాపలావాడు అరుస్తుంటే వాడి నోరు మూసినట్టవుతుంది. మూత తీసి చేసే పని గ్యాస్ సేఫ్ రిజిస్టరులో ఉన్నవాళ్ళదే. 2009 ఏప్రిల్ 1న కోర్గీ స్థానంలో వచ్చింది ఈ రిజిస్టరు. వచ్చినవారి కార్డు వెనకవైపు కూడా చూడండి, ఏ పనులకు అర్హత ఉందో అక్కడే ఉంటుంది.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు మొహమాటపడకండి. 1998 నిబంధనల ప్రకారం ఇంటి యజమాని తన గ్యాస్ పరికరాలను ఏటా తనిఖీ చేయించి, ఆ కాగితం మీకివ్వాలి. బాయిలరు చెడితే ఆయనకు రాతపూర్వకంగా తెలియజేయండి.

చివరిగా, అన్నిటికన్నా ముఖ్యమైనది. గ్యాస్ వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా, కిటికీలు తెరిచి, బయటికొచ్చి 0800 111 999కి ఫోన్ చెయ్యండి. కార్బన్ మోనాక్సైడుకి వాసన కూడా ఉండదు. తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం ఇంట్లో అందరికీ ఒకేసారి వస్తే జలుబు అనుకోకండి. బాయిలరు ఆపి, వెంటనే బయటికి వచ్చెయ్యండి. దానికి అలారం దొరుకుతుంది, తప్పక పెట్టుకోండి. హీటింగ్ లేదు కదా అని బొగ్గుల కుంపటో బార్బెక్యూనో మాత్రం ఇంట్లోకి తేవద్దు. ప్రాణం తీసేది ఆ వాయువే. మనిషి వచ్చేదాకా ఇంకో దుప్పటి కప్పుకుందాం.

సెలవు.